నాన్న కుర్చీలకు మళ్లీ రంగు

మా ఇల్లు తిరువాన్మియూరులో, వాల్మీకి నగర్ వైపు. ఇంట్లోంచి సముద్రం కనపడదు గానీ, పన్నెండూ ఒంటిగంట అయ్యేసరికి దాని గాలి మాత్రం అడక్కుండా లోపలికొచ్చేస్తుంది. ఈ గాలి కోసమే ఇక్కడ ఇల్లు తీసుకుందామని మా ఆయన పట్టుబట్టారు. ఇరవై ఏళ్లుగా అదే గాలి మా ఇంట్లో ఇనుమన్నదాన్నల్లా తింటూ వస్తోంది. కిటికీ ఊచలు, గేటు గొళ్లెం, మోటారు మీద కప్పిన రేకు, ఆఖరికి దేవుడి గదిలో గంట వేలాడదీసిన కొక్కెం కూడా.

వాటన్నిటికీ అలవాటు పడిపోయాను. మనసొప్పనిది మిద్దెమీది కుర్చీల విషయంలోనే. నాలుగు కుర్చీలు, ఒక గుండ్రటి టేబులు. 1987లో నాన్న నెల్లూరులో చేయించినవి. గుండ్రటి పైపు వంచి చేసిన చట్రం, కూర్చునేచోటా వీపుకీ రెండు వేళ్ల వెడల్పు ఇనప పట్టీలు. ఒక్కోటి ఎత్తాలంటే నడుం చూసుకోవాలి. నెల్లూరి ఇంట్లో నిమ్మచెట్టు కింద పాతికేళ్లు ఎండకీ వానకీ అలాగే పడున్నా వాటికేం కాలేదు. అక్కణ్ణుంచి సముద్రం ఇరవై కిలోమీటర్ల పైమాటే మరి. నాన్న పోయాక 2012లో అమ్మ మా దగ్గరికి వచ్చేసినప్పుడు ఫ్రిజ్జు, బీరువా అక్కడే ఎవరికో ఇచ్చేసి వీటిని లారీలో వేయించుకొచ్చింది. సాయంత్రం ఐదింటికి మిద్దె మీద వాటిలో ఒకదాంట్లో కూర్చుని కాఫీ తాగితే గానీ ఆవిడకు రోజు గడిచినట్టుండదు.

2023 సెప్టెంబరులో ప్రహరీగోడకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరుకే ఈ కుర్చీలు కూడా అప్పగించాను. అతను పట్టుమని పది నిమిషాలు ఎమరీ పేపర్‌తో రుద్ది, తెల్ల ఎనామిల్ రెండు పూతలు వేసి, సాయంత్రానికి ముగించేశాడు. తప్పు అతనిదని అనను. "సీక్రం ముడిచ్చిడుంగ అణ్ణా", తొందరగా ముగించేయన్నా అని, పొద్దున్నుంచీ వెంటపడింది నేనే. కుర్చీలు మాత్రం పెళ్లిలో వేసిన కొత్త కుర్చీల్లా తళతళలాడాయి. ఫోటో తీసి చెల్లెలికి పంపించాను కూడా.

డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను మద్రాసును ముంచేసి, 5న పోయిపోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ మిద్దెమీదికి వెళ్లినవాళ్లు లేరు. సంక్రాంతికి పిల్లలొస్తారని శుభ్రం చేయడానికి పైకి వెళ్తే, కుర్చీల పట్టీల నిండా పొక్కులు. కాల్చిన అప్పడం మీద లేస్తాయే, అలాంటివి. ఒకదాన్ని గోటితో నొక్కాను. చిట్లి, గోరింటాకు నీళ్ల రంగులో చుక్క బయటికొచ్చింది. ఇనుము తుప్పయితే దానికి ముందుకంటే రెండింతలకు పైగా చోటు కావాలి. పైన పూసిన రంగు ఎంత మంచిదైనా, కింద మిగిలిన తుప్పు ఒళ్లు పెంచుకుంటూ దాన్ని పైకి లేపేస్తుంది. నాలుగు నెలలు పట్టలేదు మా రంగు లేచిపోవడానికి.

"పాత ఇనప సామానువాడికి వేసేసి ప్లాస్టిక్‌వి తెచ్చుకుందాం" అన్నారు మా ఆయన. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే భయం.

మొదట పౌడర్ కోటింగ్ చేయిద్దామనుకున్నాను. పొడిరంగుకు విద్యుత్ పట్టించి లోహం మీద చల్లి, దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చితే ఆ పొడి కరిగి ఒకే పొరలా అతుక్కుంటుంది. అంబత్తూరు వైపు ఒకచోట అడిగితే, నాలుగు కుర్చీల కోసం ఓవెన్ వేడెక్కించలేం, వేరే సరుకుతో కలిపి చేస్తాం, ఎప్పుడో చెప్పలేం అన్నారు. రానూపోనూ ఆటో ట్రాలీ ఖర్చు ఒకటి. పైగా ఆ పూత ఎక్కడైనా రాయి తగిలి చిట్లితే, అక్కణ్ణుంచి తుప్పు దానికింద చాపకింద నీరులా పాకుతుందనీ, ఇంట్లో బ్రష్‌తో అతుకు వేయడం కుదరదనీ విన్నాను. మనది రోజూ ఈడ్చే కుర్చీ. సరే, నేనే చేస్తానన్నాను. మా ఆయన నవ్వారు. ఆ నవ్వు వల్లే సగం పని అయిందనుకోండి.

ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. మద్రాసులో ఈ పనికి అంతకంటే మంచి కాలం లేదు. ఈశాన్య రుతుపవనాలు అయిపోయుంటాయి, ఏప్రిల్ మే నెలల్లో ఇనుము మీద చెయ్యి పెట్టలేం.

అసలు పని గీకడంతో మొదలవుతుందనుకున్నాను. కాదు, కడగడంతో. గాలితో వచ్చిన ఉప్పు ఇనుము మీద కంటికి కనపడని పొరగా ఉంటుంది. ముందే గీకితే ఆ ఉప్పును తుప్పు గుంటల్లోకి మనమే కూరినట్టు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటిందంటే, దానంతటదే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. ఇక్కడ తెల్లవారుజామున తేమ చాలా రోజులు అంతకంటే ఎక్కువే. అంటే వాన పడకపోయినా కుర్చీ రాత్రంతా ఉప్పునీళ్లలో నానుతున్నట్టే లెక్క.

నేను ఉత్సాహంగా పైపు పెట్టి నాలుగింటినీ కడిగేశాను. ఆరాక చూస్తే పట్టీల మీద తెల్లగా చారలు. అమ్మ కొళాయి కింద చెయ్యి పెట్టి నీళ్లు నాలిక మీద వేసుకుంది.

"ఇదేందే పాపా, బోరు నీళ్లతో కడిగినావా? ఉప్పు పోయేదానికి ఉప్పునీళ్లా?"

మా పైపుకి వచ్చేది బోరు నీళ్లే. ఆ సంగతి నాకు తెలీదని కాదు. ఆ నీళ్లతోనే కదా కుక్కర్ అడుగున తెల్లటి పెచ్చు కడుతోంది! కానీ కుర్చీకి కూడా నీళ్లు ఎంచాలని తట్టలేదు. మర్నాడు మెట్రో వాటర్, అంటే ఊరికి సరఫరా చేసే మంచినీళ్లు, వచ్చే వేళకి బిందెలు పట్టి, మెత్తటి బ్రష్‌తో, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి మళ్లీ కడిగాను. దక్షిణ మద్రాసుకు నెమ్మేలి దగ్గర 2013లో పెట్టిన ప్లాంటు నుంచి, సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి పంపుతారు. సముద్రం అంటించిన ఉప్పును సముద్రపు నీళ్లతోనే కడిగానని మా ఆయనకు చెప్తే, "ఆ బిందెలు మోసింది ఎవరు?" అన్నారు. నిజమే, ఆయనే మోశారు.

ఆ తర్వాతి రోజు గీకుడు. అడయార్‌లో హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి ఎమరీ పేపర్ అడిగితే, కుర్రాడు లోపలికి కేకేశాడు: "ఉప్పుత్తాళ్ ఎడు!" అరవంలో ఈ కాగితానికి ఉప్పు కాగితమనే పేరు. ఉప్పు చేసిన తుప్పును ఉప్పు కాగితంతోనే తీయడం! నంబరు తక్కువైతే గరుకు ఎక్కువ. 80, 120, 220 తీసుకున్నాను. తడిపి రుద్దడానికి వాటర్ పేపర్ వేరే. ఒక వైర్ బ్రష్షూ, డ్రిల్లు మిషనుకు తగిలించే గిన్నెలాంటి వైర్ బ్రష్షూ, చేతి గ్లవుజులూ, కళ్లద్దాలూ కూడా. ఈ కళ్లద్దాలు వద్దులే అని దాటవేయకండి. డ్రిల్లుకు పెట్టిన బ్రష్‌లోంచి తీగలు ఊడి ఎగురుతాయి. ఒకటి నా చీర కుచ్చిళ్లలో గుచ్చుకుని కనిపించింది.

గీకుతుంటే పొరలు బయటపడ్డాయి. పైన పోయినేటి తెలుపు. దానికింద గోధుమరంగు, ఇక్కడికొచ్చాక ఎప్పుడో మేమే వేయించింది. దానికింద పచ్చ. నిమ్మచెట్టు కింద, నాన్న పేపరు చదువుకునేటప్పటి పచ్చ. అన్నిటికంటే అడుగున, ఇనుముకు అంటుకుని, నారింజ ఎరుపు. అమ్మ కుర్చీ దగ్గరికి వంగి ఆ పచ్చ మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత, "ఈ రంగే వెయ్యి" అంది. అంతే, రంగు ఎంపిక అయిపోయింది.

కానీ ఆ అడుగు నారింజరంగు చూసి నేను పని ఆపేశాను. ఆ కాలంలో ఇనుముకు సీసం సింధూరం పూసేవాళ్లు, పై రంగుల్లో కూడా సీసం ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు 1 నుంచి. 1987 నాటి రంగును పొడిపొడిగా గీకి ఆ దుమ్ము పీల్చడం, కింద ఆరేసిన బట్టల మీద పడేయడం మంచిది కాదు. అందుకని పాత పొరలున్న చోటల్లా డ్రిల్లు పక్కన పెట్టేసి, నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్‌తోనే రుద్దాను. కరోనా నాటి ఎన్-95 మాస్కులు అరలో మిగిలున్నవి పనికొచ్చాయి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఆ బురదంతా చివర్లో మూటకట్టి తీసేశాను. మనవడు వచ్చిన రెండు రోజులూ మిద్దె తలుపుకు తాళం. దీనివల్ల రెండు రోజుల పని వారమైంది, భుజం పట్టేసింది.

గీకుడులో మూడో రోజు, ఒక కుర్చీని తలకిందులు చేశాను, కాళ్ల కింద కూడా రుద్దుదామని. లోపల్నుంచి చప్పుడొచ్చింది. కొబ్బరికాయ ఊపితే వస్తుందే, అలాంటిది. మళ్లీ తిప్పాను. మళ్లీ వచ్చింది. వాన పడి నెల దాటిపోయింది, కుర్చీ కాలులో నీళ్లున్నాయి!

కాళ్లకున్న రబ్బరు బుష్షులు లాగాను. మూడు మామూలుగా వచ్చాయి. నాలుగోది రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తాను. బుష్షుతోపాటు కాలు అంచు కూడా పెళుసు బిస్కెట్‌లా విరిగి వచ్చేసింది. వెనకే నల్లటి నీళ్లు, తుప్పు పెచ్చులు, ఒక చెంచాడు బురద.

ఆ బుష్షులు వేయించింది ఎవరనుకున్నారు? నేనే. మిద్దెమీద టైల్స్ వేయించాక గీతలు పడతాయని, గట్టి రబ్బరువి, బిగుతుగా పట్టేవి ఏరి మరీ తెచ్చాను. నెల్లూరులో వాటికి బుష్షులు లేవు. పైపులు అడుగున తెరిచే ఉండేవి. పట్టీలు బిగించిన స్క్రూల సందుల్లోంచి దిగిన వాననీళ్లు అటు దిగి ఇటు పోయేవి. నేను కింద మూత పెట్టేసరికి పోయే దారి లేక లోపలే నిలిచిపోయాయి. బయట ఎన్ని పూతలు పూసినా, లోపల్నుంచి తినేదాన్ని ఏ రంగు ఆపుతుంది? పాతికేళ్లు నిలిచిన కుర్చీల్ని పదేళ్లలో కుళ్లబెట్టింది సముద్రం ఒక్కటే కాదన్నమాట.

విరిగిన కాలున్న కుర్చీని ఆటోలో వేసుకుని వెల్డరు దగ్గరికి పోయాం. ఇందిరానగర్ దాటాక ఒక సందులో ఉంటాడు, మూడు తరాల కిందట చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. అతని తెలుగులో సగం అరవం ఉన్నా, అక్కడక్కడా మా అమ్మమ్మ మాటలు వినపడతాయి. కాలును సుత్తితో పైనుంచి కిందికి టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చాడు. పైన గంటలా మోగింది. కింద మూడంగుళాల దగ్గర చప్పుడు మారిపోయింది, చెక్క మీద కొట్టినట్టు.

"ఇంతవరకే చచ్చిపోయి ఉండాది మా. పైన జోరుగా ఉండాది. కోసేసి కొత్త ముక్క వేస్తా."

సుత్తితో కొట్టి వినడం నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఇంటికొచ్చి మిగిలిన పదిహేను కాళ్లూ చెమ్చా కాడతో కొట్టి చూశాను. ఇంకో రెండిటికి అనుమానం వచ్చింది. మర్నాడు అవీ వెళ్లాయి. టేబులు కింద కాళ్లను కలిపే వలయం కూడా పోయిందని కొత్తది వేయించాను. అతుకు వేసినచోట గ్రైండర్‌తో నున్నగా చేయమని ముందే చెప్పాలి. లేకపోతే వెల్డింగు గడ్డలు అలాగే వదిలేస్తారు, వాటి సందుల్లోనే మళ్లీ తుప్పు మొదలయ్యేది.

కాళ్ల లోపల మెట్రో నీళ్లతో కడిగి, కుర్చీల్ని రెండు రోజులు తలకిందులుగా ఎండలో పెట్టాను. ఆ తర్వాత రెడాక్సైడ్ ప్రైమర్‌ను, అంటే రంగుకు ముందు వేసే ఎర్రటి అడుగు పూతను, టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి, గరాటుతో ఒక్కో పైపులో పోసి, కుర్చీని అటూ ఇటూ దొర్లించి, మిగిలింది గిన్నెలోకి వంపేశాను. పసిపిల్లకు ఉగ్గు పోసినట్టుందన్నారు మా ఆయన. వెల్డరు చెప్పిన చిట్కా ఇది. లోపల అంతటా పట్టిందో లేదో చూడలేం గానీ, ఉత్త ఇనుముకంటే నయం.

ఇక బయట. వైర్ బ్రష్‌కు రాలే తుప్పంతా రాలిపోయాక కూడా, గుంటల్లో గోధుమరంగుగా కొంత మిగులుతుంది. దానికోసం తుప్పును మార్చే ద్రావకం దొరుకుతుంది, పాల రంగులో ఉంటుంది. బ్రష్‌తో రాసి నిలబడి చూడండి, ముచ్చటేస్తుంది. తెల్లగా రాసింది పది నిమిషాల్లో నీలం తిరిగి, అరగంటకు నల్లబడిపోతుంది. అమ్మ వెనకనుంచి చూస్తూ ఉంది.

"ఇది కరక్కాయ నలుపు కదా."

అమ్మ పుట్టిల్లు శ్రీకాళహస్తి పక్క. అక్కడ కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. ఆ నీళ్లు గుడ్డ మీద కలంతో గీస్తే, లేతగా మొదలైన గీత కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుముతో కలిస్తే వచ్చే నలుపు అది. నా చేతిలో డబ్బా మీద రాసుందీ టానిక్ ఆమ్లమే. అమ్మ ఊరుకుంటుందా? మర్నాడు రెండు కరక్కాయలు దంచి కషాయం కాచి, ఒక కాలు వెనకవైపు తనే పూసింది. నల్లగానే మారింది. కాకపోతే వేలితో రుద్దితే మసిలా అంటుకుంది. కొన్నదాంట్లో ఆ నలుపును పట్టి ఉంచే జిగురు కూడా ఉంటుంది కాబట్టి గట్టిగా పొర కడుతుంది. మిగతా అంతా కొన్నదే వాడాను. ఒక మాట, తళతళలాడే శుభ్రమైన ఇనుము మీద ఇది పూసి లాభం లేదు. దానికి మార్చడానికి తుప్పు కావాలి, అదీ పెచ్చులుగా ఊగేది కాదు, అంటిపెట్టుకుని ఉన్నది.

ఒకరోజు ఆరనిచ్చి ప్రైమర్. కొట్లో అందరూ రెడాక్సైడే ఇస్తారు. అందులో ఎరుపు ఏమిటంటే ఐరన్ ఆక్సైడే, తుప్పుకు దగ్గరి చుట్టం. మన అరుగుల అంచులకు పూసే జాజుకూ ఆ ఎరుపు వచ్చేది దానివల్లే. చవక, పట్టు బాగుంటుంది. కానీ ఉప్పుగాలి దగ్గర జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ మేలు. అది ఉత్త పొరలా కప్పడమే కాకుండా తుప్పు పుట్టకుండా అడ్డుపడుతుంది కూడా. లోపల రెడాక్సైడ్, బయట జింక్ ఫాస్ఫేట్ వాడాను. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ఇంకా గట్టిది. కానీ కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, ఎండకు పొడిబారుతుంది, పైన దానికి తగ్గ పూత మళ్లీ వేరే. నాకంత ఓపిక లేదు.

ఎప్పుడు పూయాలన్నది ఇంకో గొడవ. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వేయొద్దంటారు. మంచు పడి చల్లగా ఉన్న ఇనుము మీద అసలే వేయకూడదు. మా ఆయన తేమ కొలిచే చిన్న మీటరు తెప్పించారు. అమ్మ మీటరు వంటింటి గూట్లో రాళ్లుప్పు జాడీ. పొద్దున్నే మూత తీసి చూసి, ఉప్పు చెమ్మగిల్లి ఉంటే, "ఈ పూట వద్దు" అనేది. వారం రోజులు ఇద్దరి మీటర్లూ పోల్చి చూశాం. ఒక్కరోజు తప్ప అన్నీ కలిశాయి, ఆ ఒక్కరోజు జాడీ మూత సరిగ్గా పెట్టలేదని అమ్మ వాదన. మొత్తానికి తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, సముద్రపు గాలి తిరిగేలోగా ముగించేసేదాన్ని. గాలి తిరిగాక పూస్తే తడి రంగులో ఉప్పూ ఇసుకా రెండూ అతుక్కుంటాయి. ఎండలో కూడా కాదు, వాటర్ ట్యాంకు నీడలో. వేడి ఇనుము మీద రంగు పైన తొందరగా తోలు కట్టి, కింద పచ్చిగా ఉండిపోతుంది.

నాన్న పచ్చ దొరకడానికి మూడు కొట్లు తిరిగాను. గోరంత పాత రంగు పెచ్చు ఒకటి అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్లాను. ఎండకు వెలిసిపోయి బూడిదగా ఉంది. కొట్టతను దాన్ని నీళ్లతో తడిపాడు, తడిస్తే అసలు రంగు తేలింది. అతనిచ్చింది తెచ్చి చూపిస్తే అమ్మ తల అడ్డంగా ఊపింది. "మీ నాయనది ఇంత పచ్చ కాదు, నల్లపచ్చ." నల్ల ఎనామిల్ చిన్న డబ్బా కొని, చెంచాతో కొంచెం కొంచెం కలుపుతూ, అట్టముక్క మీద పూసి చూపిస్తూ పోయాను. నాలుగో చెంచాకు ఒప్పుకుంది.

పూత వేయడంలో నేను ఒకటే చెప్తాను. ముందు అంచులు, మూలలు, స్క్రూ తలలు, వెల్డింగు అతుకులు, వీటికి మాత్రమే చిన్న బ్రష్‌తో ఒక పూత వేసి, తర్వాత మొత్తం వేయండి. తడి రంగు పదునైన అంచు మీద నిలవదు, రెండు పక్కలకీ జారుకుంటుంది. అందుకే తుప్పు ఎప్పుడూ అంచునుంచే మొదలవుతుంది. ప్రైమర్‌కూ అంతే, రంగుకూ అంతే. మందంగా ఒకటి కాదు, పల్చగా రెండు, మధ్యలో ఒక రాత్రి, మర్నాడు 400 నంబరు కాగితంతో పైపైన ఒక్క రుద్దు.

రెండో పూత వేసిన నాలుగో రోజు. ముట్టుకుంటే అంటుకోవడం లేదు, ఆరిపోయిందనుకున్నాం. అమ్మ సాయంత్రం కాఫీ గ్లాసు తీసుకుని దర్జాగా వెళ్లి కూర్చుంది. అరగంట తర్వాత లేస్తుంటే చిన్నగా చిర్రుమంది. కుర్చీ పట్టీల మీద ఆవిడ మంగళగిరి చీర నేత, నిలువు పోగూ అడ్డ పోగూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా అచ్చుపడింది. ఎనామిల్ ముందు పైన ఆరుతుంది. తర్వాత గాలిలో ఆక్సిజన్ పట్టుకుంటూ లోపల్దాకా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ కుర్చీకి మళ్లీ రుద్ది వేయమంటారా అని అడిగితే, "ఉండనీలే, నాదని గుర్తుంటది" అంది. అలాగే ఉంచేశాం.

దెబ్బతిన్నది టేబులు వలయం. ఏప్రిల్‌లో చూస్తే కుర్చీలన్నీ రాయిలా ఉన్నాయి, ఆ ఒక్క వలయం మీద రంగు అరటిపండు తొక్కలా ఊడొస్తోంది. ఒకచోట పట్టుకుని లాగితే జానెడు రిబ్బనులా వచ్చింది, కింద వెండిలా మెరుస్తూ లోహం. వెల్డరు వేసిన ముక్క జీఐ పైపు, అంటే జింక్ పూత ఉన్నది. అతికించే చోట జింకు గీకేశాడు గానీ మిగతా అంతా అలాగే ఉంది. ఎనామిల్‌లోని నూనె జింకుతో కలిస్తే మధ్యలో సబ్బులాంటి పొర తయారై పట్టు వదిలేస్తుంది. ప్రైమర్ వేశాను కదా అంటే, ఆ వలయానికి వేయలేదు. తళతళలాడుతోంది, దీనికేం తుప్పు అని నేరుగా పచ్చ పూసేశాను, ఆ రోజు ఆకలేస్తోంది. మొత్తం ఊడదీసి, జింకు మీద పట్టే ఎచ్ ప్రైమర్ అని వేరే ఉంటుంది, అది వేసి మళ్లీ పూశాను.

ఖర్చు వెల్డింగుతో కలిపి ఆరువేలకు కాస్త తక్కువ, నా కూలి లెక్కేసుకోకుండా. ప్లాస్టిక్ కుర్చీలు ఇంతకంటే చవకగా వచ్చుండేవని మా ఆయన ఒకసారే అన్నారు.

బుష్షులు ఇప్పుడు కూడా ఉన్నాయి, టైల్స్ కూడా ముఖ్యమే కదా. కానీ ఒక్కో బుష్షు అడుగున చిన్న గాడి కోయించి, కాలికి అడుగునుంచి అంగుళం పైన, లోపలివైపు కనపడకుండా 6 మిల్లీమీటర్ల బెజ్జం వేయించాను. బెజ్జం అంచుకు కూడా ప్రైమరూ రంగూ పూయడం మరవకూడదు. పదిహేను రోజులకోసారి ఒక బిందె మెట్రో నీళ్లతో కడిగి తుడుస్తాను. మిగిలిన రంగు చిన్న సీసాలో పోసి మిద్దె మెట్ల దగ్గర పెట్టాను. ఎక్కడ చిన్న పెచ్చు లేచినా ఆ పూటే రుద్ది ఒక చుక్క పెట్టేస్తాను, రేపనుకుంటే ఆదివారమవుతుంది.

2024 అక్టోబరు మధ్యలో తొలి పెద్దవాన పడింది. మర్నాడు పొద్దున మిద్దెమీదికి వెళ్తే, ఒక్కో కాలి పక్కనా టైలు మీద రూపాయి బిళ్లంత తుప్పు మరక. లోపల మిగిలిందేదో కడుక్కుపోతోందనుకున్నాను. వాన పడ్డప్పుడల్లా మరక లేతబడుతూ వచ్చింది. నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటాక, రెండు రోజులకు అమ్మా నేనూ కలిసి ఎక్కాం. మూడు కుర్చీల చుట్టూ టైళ్లు తడిగా, శుభ్రంగా ఉన్నాయి.

"నా కుర్చీ కారట్లేదే, చూడు" అంది అమ్మ.

వంగి చూశాను. నాలుగు కాళ్లకూ వేసిన బెజ్జాల్లో రెండింటిని కందిరీగ ఎర్రమట్టితో నున్నగా మూసేసి గూడు కట్టుకుంది, నేను పూసిన రంగుకంటే నేర్పుగా. చీపురుపుల్ల తెచ్చి గుచ్చాను. మట్టి రాలింది, వెంటనే చల్లటి నీళ్లు సన్నటి ధారగా నా కాలి మీద పడ్డాయి. దోసిట్లో పట్టి వెలుతుర్లో చూశాను. కాస్త పసుపుగా ఉన్నాయంతే. "ఇంకో కాలు కూడా ఉండాది" అంటూ అమ్మ పుల్ల నా చేతిలోంచి లాక్కుంది.